పర్మెత్రిన్ 5 శాతం క్రీము: 13 ట్యూబులు వాడాక రాస్తున్న మాట

మా ఇంట్లో ఐదుగురం. నేను, మా ఆయన, అత్తమ్మ, ఎనిమిదో తరగతి చదివే పాప, ఐదేళ్ళ బాబు. పోయిన దసరా నుంచి సంక్రాంతి దాకా మా ఇంట్లో ఎవరో ఒకరు గోక్కుంటూనే ఉన్నారు. అది గజ్జి అని ఆలస్యంగా తెలిసింది. చివరికి దాన్ని పోగొట్టింది పర్మెత్రిన్ 5 శాతం అనే తెల్లటి క్రీము. 30 గ్రాముల ట్యూబు మాకు వంద రూపాయల లోపే పడింది. చాలా కంపెనీలు దీన్ని తయారు చేస్తాయి. మేము రెండు రకాలు వాడాం, రెండింటికీ తేడా ఏమీ కనిపించలేదు, అందుకే కంపెనీ పేరు రాయడం లేదు.

ఐదు నక్షత్రాలకు నాలుగు ఇస్తున్నాను. మందు గట్టిదే. మొదటిసారి మాకు పనిచేయకపోవడానికి కారణం మేము వాడిన పద్ధతి. సరైన పద్ధతి ట్యూబు మీద తెలుగులో ఎక్కడా రాసి లేదు. పెట్టెలో మడిచి పెట్టిన కాగితం ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఒక నక్షత్రం దానికే తగ్గించాను.

మేము ఉండేది సూర్యాపేటలో. ఇంటి దగ్గరే బ్లౌజులు, పిల్లల లంగాజాకెట్లు కుడతాను. పాప గురుకుల హాస్టల్లో ఉంటుంది. దసరా సెలవులకు వచ్చినప్పుడు రాత్రిళ్ళు వేళ్ళ సందులు గోక్కుంటుంటే చూశాను. అక్కడి ఉప్పునీళ్ళు పడక చర్మం పొడిబారిందేమో అనుకుని కొబ్బరినూనె రాశాను. నాలుగు రోజులైనా తగ్గలేదు. మణికట్టు మీద, నడుము దగ్గర, బొడ్డు చుట్టూ చిన్న చిన్న పొక్కులు లేచాయి. మా వీధి చివర మందుల షాపులో "అన్నా, పాపకు దురద" అని చెప్పాను, అంతే. ఏ వేళ పెరుగుతుంది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని ఆయన అడగలేదు, చెప్పాలని నాకూ తెలియదు. ఒక ట్యూబు ఇచ్చాడు. మూడు రోజులు హాయిగా అనిపించింది. ఎర్రదనం పోయింది. పాప సంతోషంగా హాస్టల్‌కు వెళ్ళిపోయింది. వారం తిరక్కుండానే ఫోన్ చేసి, దురద తొడల దాకా వచ్చిందని ఏడ్చింది.

ఆ ట్యూబులో ఏముందో నాకు డిసెంబరులో గానీ తెలియలేదు. ఫంగస్‌కు ఒకటి, బాక్టీరియాకు ఒకటి, వాటితో పాటు క్లోబెటసాల్ అనే బలమైన స్టెరాయిడ్. స్టెరాయిడ్ రాస్తే వాపు, ఎరుపు తగ్గుతాయి కాబట్టి జబ్బే తగ్గిందనిపిస్తుంది. చర్మం లోపల ఉన్న గజ్జి పురుగుకు దాంతో ఏమీ కాదు. పైపెచ్చు పొక్కుల రూపం మారిపోయి, డాక్టరుకు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుందట. 2018లోనే కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడదు. నాకు మాత్రం అడగ్గానే ఇచ్చేశారు. ఇప్పుడు ఏ ట్యూబు కొన్నా వెనక చిన్న అక్షరాల్లో క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి పేర్లు ఉన్నాయేమో చూసి గానీ డబ్బులివ్వను.

కార్తీక పౌర్ణమి దాటాక అత్తమ్మకు మొదలైంది. దసరా సెలవుల్లో పాప పడుకున్నది నానమ్మ పక్కలోనే. ఆ తర్వాత బాబుకు, నాలుగు రోజులకు నాకు. పగలు పనిలో పడితే అంతగా తెలిసేది కాదు. రాత్రి దుప్పటి కప్పుకుని ఒళ్ళు కాస్త వెచ్చబడగానే ప్రాణం తీసేది. బాబు నిద్రలోనే గోక్కుని గోక్కుని, పొద్దున లేచేసరికి బనియను మీద రక్తం మరకలు ఉండేవి. అత్తమ్మ వేపాకు మరగబెట్టిన నీళ్ళతో స్నానం చేయించేది, పసుపు పట్టించేది. వేప నీళ్ళు పోస్తే గంటో రెండు గంటలో చల్లగా ఉండేది, అది నిజమే. రాత్రికి మళ్ళీ మామూలే. వీధి కుక్క మన గడపలో పడుకుంటోంది, దాని వల్లే వచ్చిందని అత్తమ్మ ఆ కుక్కను తరిమేసింది. కుక్కకు వచ్చే గజ్జి పురుగు వేరే రకమని, అది మన ఒంటి మీద కొన్ని రోజులు దురద పెట్టగలదు గానీ మనలో స్థిరపడి పెరగలేదని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. పాపం ఆ కుక్క మళ్ళీ రాలేదు.

డిసెంబరు మొదటి వారంలో బాబు చేతి మీద పొక్కు చీము పట్టింది. ఇక ఆగలేక చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆమె చెయ్యి చూడకముందే రెండు ప్రశ్నలు అడిగింది. రాత్రిపూట ఎక్కువవుతోందా? ఇంట్లో ఇంకెవరికి ఉంది? నేను చెప్పడం పూర్తికాకముందే ఆమెకు అర్థమైపోయినట్టుంది. బాబు చూపుడువేలు సందులో భూతద్దం పెట్టి నన్ను చూడమంది. సన్నటి వంకర గీత, పెన్సిల్‌తో లేతగా గీసినట్టు. "అది పురుగు తవ్విన దారి అమ్మా. ఇది గజ్జి" అంది.

ఆ మాట వినగానే నాకు తల కొట్టేసినట్టయింది. మన దగ్గర గజ్జి అంటే తిట్టు. రోజూ స్నానం చేసే ఇల్లు, వారానికోసారి దుప్పట్లు ఉతికే ఇల్లు మాది. నా మొహం చూసే కాబోలు, ఆమె నింపాదిగా వివరించింది. మురికికీ దీనికీ సంబంధం లేదు. రోజుకు రెండుసార్లు స్నానం చేసేవాళ్ళకూ వస్తుంది. ఒంటికి ఒళ్ళు చాలాసేపు తగిలి ఉంటే, అంటే ఒకే పక్కలో పడుకుంటే, పిల్లలను ఎత్తుకుని తిరిగితే పాకుతుంది. పురుగు మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. ఆడది చర్మం పైపొరలో దారి తవ్వుకుంటూ రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. మామూలుగా ఒక మనిషి ఒంటి మీద ఉండేది పది పదిహేను పురుగులే. దురదంతా వాటికి, వాటి గుడ్లకు, మలానికి మన ఒళ్ళు చూపించే ప్రతిస్పందన. ప్రపంచంలో ఏ సమయంలో చూసినా 20 కోట్ల మందికి పైగా దీంతో ఉంటారని, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీన్ని పట్టించుకోని ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చిందని కూడా చెప్పింది. ఈ సంగతులు నేను పాపకు ఫోన్‌లో చెప్పాను. హాస్టల్లో ఎవరో దాన్ని "గజ్జిదానా" అన్నారట, వారం రోజులుగా ఎవరి పక్కన కూర్చోవడం లేదట. నాకు అప్పటిదాకా చెప్పలేదు.

బాబుకు చీము తగ్గడానికి ముందు యాంటీబయాటిక్ ఇచ్చింది. అందరికీ పర్మెత్రిన్ రాసింది. ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి, దురద లేనివాళ్ళు కూడా, వారం తర్వాత మళ్ళీ రాసుకోవాలి అని చీటీ మీద గీత గీసి మరీ చెప్పింది.

మేము వినలేదు. "నాకేం దురద లేదు, నాకెందుకు" అన్నారు మా ఆయన. ఆయనను బలవంతపెట్టడానికి నాకు ఓపిక లేదు. పాప హాస్టల్లో ఉంది. నేను, అత్తమ్మ, బాబు మాత్రం రాసుకున్నాం. మూడు ట్యూబులయ్యాయి. వారం గడిచేసరికి సగం పైన తగ్గింది కదా, ఇంకో మూడు ట్యూబులు దండగ అని రెండోసారి రాయలేదు. క్రిస్మస్ దాటాక నాకు మళ్ళీ నడుము దగ్గర పొక్కులు. అదే వారం మా ఆయన రాత్రి లేచి కూర్చుని మోచేతులు గోక్కోవడం మొదలుపెట్టారు.

మళ్ళీ వెళితే డాక్టరమ్మ కోప్పడలేదు. మొదటిసారి పట్టినవాళ్ళకు దురద తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఆ రోజుల్లో వాళ్ళకు ఏమీ అనిపించదు గానీ పక్కవాళ్ళకు పాకిస్తూనే ఉంటారు, అందుకే దురద లేనివాళ్ళకూ రాయమన్నాను అంది. ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళకు మళ్ళీ అంటుకుంటే మాత్రం ఒకటి నుంచి నాలుగు రోజుల్లోనే తెలుస్తుందట. మా ఇంట్లో జరిగింది అచ్చం అదే. వారం తర్వాత రెండోసారి రాసేది, మొదటి రాతకు తప్పించుకున్న గుడ్లలోంచి పుట్టిన పిల్లలను చంపడానికి.

సంక్రాంతి సెలవులకు పాప వచ్చిన రోజే ముహూర్తం పెట్టుకున్నాం. పండగకు వస్తామన్న ఆడబిడ్డ వాళ్ళకు ఫోన్ చేసి, ఈసారి వద్దని, కారణం దాచకుండా చెప్పాను. ఆ ఫోన్ చేయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆమె ఒక్క క్షణం ఊరుకుని, "వదినా, మా చిన్నోడికి కూడా ఏదో దురద ఉంది, ఆ మందు పేరు చెప్పు" అంది.

భోగి ముందు రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టాం. ఎలా రాసుకున్నామో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే పనంతా ఇక్కడే ఉంది. సాయంత్రమే అందరి గోళ్ళు కత్తిరించాను. వేడి నీళ్ళ స్నానం చేసిన వెంటనే రాయకూడదు, ఒళ్ళు చల్లబడి పొడిగా ఉండాలి. మెడ దగ్గర నుంచి అరికాళ్ళ దాకా, ఒక్క అంగుళం వదలకుండా పలచగా రుద్దాలి. దురద ఉన్న చోట మాత్రమే చుక్కలు చుక్కలుగా పెడితే లాభం లేదు. చెవుల వెనక, చంకలు, బొడ్డు లోపల, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, పిరుదుల మడత, మర్మాంగాలు, కాలివేళ్ళ మధ్య. వీపు ఎవరిది వాళ్ళకు అందదు కాబట్టి ఒకరికొకరు రాసుకోవాలి. బాబుకు, అత్తమ్మకు నుదురు, కణతలు, జుట్టు మొదళ్ళ దాకా కూడా రాయమంది డాక్టరమ్మ, కళ్ళకు, నోటికి తగలకుండా. పెద్దవాళ్ళకు మనిషికి ఒక ట్యూబు పూర్తిగా పట్టింది. మా ఆయన దిట్టంగా ఉంటారు, ఆయనకు బొటాబొటిగా సరిపోయింది. బాబుకు సగం చాలింది. వాడికి నిద్రలో బొటనవేలు నోట్లో పెట్టుకునే అలవాటు, అందుకని చేతులకు పాత సాక్సులు తొడిగాను. రాసుకున్నాక ఎవరైనా చేతులు కడుక్కుంటే చేతులకు మళ్ళీ రాయాలి. నేను రాత్రి పాలు తోడుపెట్టి చేతులు కడుక్కుని, మర్చిపోయి పడుకుని, మళ్ళీ లేచి రాసుకున్నాను.

క్రీము పెద్దగా వాసన రాదు. జిడ్డుగా ఉండదు, ఐదు నిమిషాల్లో ఇంకిపోతుంది. గోకి పుండ్లు పడ్డ చోట మాత్రం పది పదిహేను నిమిషాలు చురుక్కుమంది. అత్తమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో గంధకం కలిపిన మందు పూసేవాళ్ళట, ఆ వాసనకు ఇంట్లోకి ఎవరూ వచ్చేవాళ్ళు కాదట. గంధకం మందు నిజంగానే పనిచేస్తుందని, ఇప్పటికీ కొందరికి రాస్తామని డాక్టరమ్మ చెప్పింది. ఇది చాలా సుఖం.

మందు ఎనిమిది నుంచి పద్నాలుగు గంటలు ఒంటి మీద ఉండాలి. భోగి పొద్దున ఏడింటికి తలంటు పోసుకున్నాం, అంటే పది గంటలు. అందరూ ఉతికిన బట్టలే కట్టుకున్నారు. అంతకుముందు మూడు రోజులు వాడిన బట్టలు, దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు అన్నీ బాగా వేడి నీళ్ళలో నానబెట్టి ఉతికి ఎండలో వేశాను. అత్తమ్మ పాత బొంతలు భోగి మంటలో వేసేద్దామంది. అవసరం లేదు. మనిషి ఒళ్ళు వదిలాక పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. ఉతకడానికి వీల్లేనివి, బొంతలు, బాబు గుడ్డ ఏనుగు, పాప స్వెట్టరు, అన్నీ పెద్ద పాలిథిన్ కవర్లలో మూతి బిగించి కట్టి వారం రోజులు అటక మీద పెట్టాను.

నా టెన్షనంతా కుట్టుపని గురించే. అలమరలో పన్నెండు మంది బ్లౌజు ముక్కలున్నాయి, పండగ సీజను. బట్టల ద్వారా ఈ మామూలు గజ్జి రావడం అరుదని డాక్టరమ్మ చెప్పినా నా మనసు ఒప్పుకోలేదు. మందు రాసుకున్న మర్నాటి నుంచి పని చేసుకోవచ్చంది. అయినా ఆ పన్నెండు మందికీ ఫోన్ చేసి, వారం ఆలస్యమవుతుందని చెప్పి, ముక్కలు కూడా కవర్లలో కట్టేశాను. కొలతలు తీసుకోవడం రెండో రాత దాకా ఆపేశాను. కొంత ఆదాయం పోయింది. నా చేతుల మీద నమ్మకంతో బట్ట ఇచ్చినవాళ్ళు కదా, దానికి నాకు బాధ లేదు.

ఈ మందు విషయంలో ఎక్కువమంది మోసపోయేది రాసుకున్న తర్వాతి రోజుల్లో అని నా అనుభవం. మందు రాశాక దురద వెంటనే పోదు. పురుగులు చచ్చినా వాటి అవశేషాలు చర్మంలో ఉన్నన్నాళ్ళు ఒళ్ళు దురద పెడుతూనే ఉంటుంది, రెండు నుంచి నాలుగు వారాలు. ఈ సంగతి తెలియక, మందు పనిచేయలేదని అత్తమ్మ మిగిలిన సగం ట్యూబును మూడు రాత్రులు వరసగా రాసుకుంది. చర్మం ఎర్రగా కంది మంట పుట్టింది. చెప్పినదానికంటే ఎక్కువసార్లు రాస్తే ఈ క్రీమే దురద తెప్పిస్తుందని అప్పుడు తెలిసింది. ఆ రోజులు గడవడానికి మాకు పగలు కాలమైన్ లోషన్, స్నానం తర్వాత తడి ఆరకముందే కొబ్బరినూనె, రాత్రి డాక్టరు రాసిన సెట్రిజిన్ బిళ్ళ సాయపడ్డాయి. కాలమైన్‌కు గజ్జి పోదు, ఆ కాసేపు చల్లబరుస్తుంది, అంతవరకే. నాలుగు వారాలు దాటాక కూడా కొత్త పొక్కులు లేస్తుంటే మాత్రం మళ్ళీ చూపించుకోవాలి.

వారం తిరిగాక రెండో రాత. అప్పటికి పాప హాస్టల్‌కు వెళ్ళాలి. ట్యూబుతో పాటు డాక్టరమ్మ దగ్గర ఉత్తరం రాయించుకుని నేనే దింపడానికి వెళ్ళాను. మా దగ్గర ఎవరికీ లేదు అన్నారు ముందు. పాప పడుకునే గదిలో ఆడపిల్లల చేతులు ఒక్కసారి చూడండి మేడమ్ అని అడిగాను. నలుగురి వేళ్ళ సందుల్లో కనిపించింది. ఇంకో ముగ్గురు వీపు చూపించారు. ఆ పిల్లలు ఎన్ని రోజుల నుంచి నోరు మూసుకుని గోక్కుంటున్నారో. ఆ వారంలోనే నర్సు వచ్చి ఆ గదిలోని 22 మందికీ ఒకే రాత్రి మందు రాయించింది. అది జరగకపోతే నా 13 ట్యూబులూ వేసవి సెలవులకు మళ్ళీ మొదటికొచ్చేవి.

మా లెక్క ఇది. మాట వినక వృథా అయినవి 3, సంక్రాంతికి 5, వారం తర్వాత 5. ఫిబ్రవరి రెండో వారానికి ఇంట్లో అందరం రాత్రంతా నిద్రపోయాం. బాబు వేళ్ళ మధ్య నల్లమచ్చలు మిగిలాయి, అవీ వాడిపోతున్నాయి.

ఎవరు సొంతంగా వాడకూడదో కూడా చెప్పాలి. రెండు నెలల లోపు పసిపిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. మంచంలో ఉన్న ముసలివాళ్ళకో, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకో చర్మం పెచ్చులు పెచ్చులుగా మందంగా కట్టిందంటే అది గజ్జిలోనే తీవ్రమైన రకం కావచ్చు, వాళ్ళ ఒంటి మీద పురుగులు వేలల్లో ఉంటాయి. దానికి ఈ క్రీము ఒక్కటే చాలదు, ఐవర్మెక్టిన్ బిళ్ళలు కూడా కావాలి, ఆసుపత్రిలో చూపించాలి. ఇక ప్రతి దురదా గజ్జి కాదు. గుండ్రంగా అంచు లేచి మధ్యలో చర్మం తేటపడితే అది తామర కావచ్చు, దాని మందు వేరు, ఈ క్రీము దానికి పనికిరాదు.

నిన్న సాయంత్రం మా వీధిలో ఒకావిడ బ్లౌజు కొలత ఇవ్వడానికి వచ్చి, టేపు చుడుతుండగా గొంతు తగ్గించి అడిగింది, "అక్కా, మీ ఇంట్లో ఏదో దురద వస్తే తగ్గిందట కదా, ఏం రాశారు?" అని. టేపు పక్కన పెట్టి ఆమె చేతులు చూశాను. మా డాక్టరమ్మ ఉండే చోటు చెప్పి, ముందు చూపించుకోమన్నాను. తర్వాత ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగాను. ఏడుగురంది, వాళ్ళ మరిదికి మాత్రం ఏమీ లేదంది. డాక్టరమ్మ పర్మెత్రిన్ రాస్తే 14 ట్యూబులకు డబ్బు సిద్ధం చేసుకుని, మరిదిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళమని చెప్పాను.